గాజునేల మీద రెండు వేళ్ళు

గ్వాంగ్‌జౌ,
శుక్రవారం

చెల్లీ కిట్‌యీ,

ముందు కూర్చో, తర్వాత చదువు. రేపు నేను నది ఒడ్డున ఉన్న ఆ సన్ననడుము టవరెక్కుతున్నాను! అది కట్టినప్పటి నుంచీ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, ఎక్కడమంటే బయటూరివాళ్ళ పనని ఊరుకున్నాను. తీసుకెళ్తున్నది క్వాంగ్ గారు, రోజూ పొద్దున టీ హోటల్లో నా బల్ల దగ్గరే కూర్చునే రిటైరైన బస్సు డ్రైవరు. అరవై దాటినా బుద్ధి రాలేదని తిట్టుకో, పొద్దుట్నుంచి మూడు జాకెట్లు తీసి మడతపెట్టాను.

ఆయన పెళ్ళి చేసుకుందామని అడిగారు. రేపు పైకెళ్ళాక కాదని చెప్పేస్తాను. కారణం నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మీ బావ నలుగురిలో ఎంత మర్యాదస్తుడో నీకు తెలుసు. హోటల్లో ఎవరు టీ పోసినా, పోసినందుకు కృతజ్ఞతగా బల్ల మీద రెండు వేళ్ళతో తట్టేవాడు. ఇంట్లో మాత్రం, కాపురం చేసినన్నాళ్ళూ నేను పోసిన టీకి ఒక్కనాడూ వేలు కదపలేదు. మనిషి పోయినా ఆ మంట నాకు చల్లారలేదు. క్వాంగ్ గారూ హోటల్లో తడతారు. హోటల్లో అందరూ తడతారు. ఇంట్లో ఎలాంటివారో ఎవరికెరుక? ఒకసారి కాలింది చాలు.

మాట మీద నిలబడే నీ అక్క,
యుక్‌లిన్

ఆదివారం

ఒసే కిట్‌యీ,

ఎక్కానే! లిఫ్టు పైకి పోతుంటే చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. నది నా కండువా అంత సన్నగా ఉంది. మా వంటింటి కిటికీ కోసం వెతికి వెతికి, చివరికి ఏదో ఒకటి మాదే అనుకుని చెయ్యూపాను.

క్వాంగ్ గారు దారంతా ఒకటే గొప్పలు. "జీవితమంతా వంతెనల మీద బస్సు తోలినవాణ్ణి, నాకు ఎత్తంటే లెక్కేంటండీ" అన్నారు. తీరా పైన, కాళ్ళకింద ఊరంతా కనబడే గాజునేల మీద ఒక్క అడుగు వేసి, కొయ్యబారిపోయారు.

"కదలండి, వెనక జనం ఉన్నారు" అన్నాను.

"కదులుతున్నాగా" అన్నారు. కాలు మాత్రం కదల్లేదు.

వెనకాల బయటూరి పిల్ల ఒకతె, "ఆంటీ, తాతగారిని కొంచెం పక్కకి జరుపుతారా, ఫోటోకి అడ్డొస్తున్నారు" అంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అప్పుడు నా చేతి మీద మెల్లగా తట్టారు, రెండు వేళ్ళతో, రెండుసార్లు.

అక్కడ టీ లేదు, బల్ల లేదు, మర్యాద చూపించుకోడానికి తెలిసిన మొహం ఒక్కటీ లేదు. నాకు ఏడుపొచ్చింది చెల్లీ. కాదని చెప్పడానికి ఎక్కినదాన్ని, ఆయన్ని చంటిపిల్లాడిలా నడిపించుకుని గట్టినేల మీదికి తెచ్చాను.

కిందికొచ్చాక ఆయనకి ధైర్యం తిరిగొచ్చింది. "ఇంతకీ నా మాటకి ఏమంటారు?" అన్నారు.

"రేపు పొద్దున టీ మా ఇంట్లో తాగుదాం" అన్నాను.

"ఎవరు పోస్తారు?"

"మీరే."

ఇవాళ వచ్చి పోశారు. కప్పులో సగం, బల్ల మీద సగం. ఆ తడిలోనే నేను రెండు వేళ్ళతో తట్టాను. వచ్చే వారం పెళ్ళి, రాకపోతే ఊరుకోను.

మాట మీద నిలబడని నీ అక్క,
యుక్‌లిన్