నాలుగింటి కార్యక్రమం

ఎల్మ్ క్రీక్, అయోవా
19 నవంబరు 1993

మార్లిస్ అక్కకి,

నిన్న మన ఊళ్ళో ఎవరూ నిన్ను టీవీలో చూడలేదు. చూడకుండా చేసింది నేనే. ఇంకొకరి నోట వినేముందు నేనే చెప్పేస్తున్నాను.

మా స్టేషన్లో ఏ గంటకి ఏది వెయ్యాలో రాసేది నేనేగా. చికాగో వాళ్ళ చర్చా కార్యక్రమం పొద్దున తొమ్మిదింటికి శాటిలైట్లో దిగుతుంది. టేపుకెక్కించి సాయంత్రం నాలుగింటికి వేస్తాం. పక్క ఊరి స్టేషన్ వాళ్ళు పదింటికే వేసుకుంటారు గానీ వాళ్ళది మనకి అందదులే. నిన్న టేపు సరిచూస్తుంటే కుర్చీలో నువ్వు. నాన్న బెల్టు బకిల్ తగిలి నీ ఎడమ చెవికి వినికిడి పోయిందనీ, సైకిలు మీంచి పడ్డావని ఇంట్లోవాళ్ళు అబద్ధమాడారనీ దేశం మొత్తానికీ చెబుతున్నావు. ఎవరైనా చూశారా అని ఆ మైకావిడ అడిగితే, "మా చెల్లెలు చూసింది" అన్నావు.

అవునక్కా, చూశాను. ఎనిమిదేళ్ళదాన్ని. డాక్టరుకి సైకిలని చెప్పింది కూడా నేనే.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి నాన్న, ఆదివారం చర్చి గుమ్మంలో అందరికీ చెయ్యి కలిపేది ఆయనే. అమ్మకేమో గుండె జబ్బు. నాలుగైతే ఆయన పక్కన కూచుని ఆ కార్యక్రమమే చూస్తుంది. అందుకే అదే కార్యక్రమంలో పెంపుడు పిల్లుల మీద వచ్చిన పాత టేపొకటి వేసేశాను. ఇదంతా అమ్మ కోసమే అని రాయబోయి ఆగాను. అబద్ధం. నా పేరు బయటపడుతుందని భయపడి చచ్చాను, సిగ్గులేనిదాన్ని.

ఎంతైనా తిట్టు. అమ్మకి మాత్రం చెప్పకు.

నీ చెల్లెలు
రోండా

డెమోయిన్
24 నవంబరు 1993

రోండా తల్లీ,

నీ ఉత్తరం మార్లిస్ నా చేతికిచ్చి చదవమంది. నేను దాని ఇంట్లోనే ఉన్నాను.

నేనది చూశానే. గురువారం పొద్దున పదింటికి, ఎదురింటి హిల్డా వాళ్ళింట్లో. వాళ్ళ యాంటెన్నా పొడుగు, పక్క ఊరి స్టేషన్ తగులుతుంది. ఫలానా రోజు చూడమని మార్లిస్ ముందే నాకు కార్డు రాసింది. నా గుండె ఏం ఆగిపోలేదు.

సాయంత్రం మీ నాన్న పక్కన కూచున్నాను. అది చూస్తున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళుగా లేని ధైర్యం ఆ ఒక్క గంటకి కూడగట్టుకున్నాను. నువ్వు పిల్లుల్ని వేశావు. ఆయన పడీపడీ నవ్వాడు. "ఈ ఆడవాళ్ళకి వేరే పనేం లేదే, ఆర్డిస్" అన్నాడు నాతో. ఆ నవ్వు విన్నాక ఇంక ఆ ఇంట్లో ఉండలేకపోయాను. హిల్డా బస్సు దాకా దింపింది.

నీ మీద కోపం లేదనను, ఉంది. కానీ డాక్టరుకి ఏం చెప్పాలో కారులో నీచేత వల్లె వేయించింది నేనే. ఐస్‌క్రీమ్ కొనిపెట్టి మరీ. అది నువ్వు మరిచిపోయావో, నన్ను కాపాడదామని రాయలేదో నాకు తెలియదు. దాచడం నేర్పినదాన్ని నేనే గనక మానమనడం కూడా నేనే చెయ్యాలి.

ఇక్కడ మార్లిస్‌కి కుడిపక్కన కూచుని మాట్లాడుతున్నాను. ఎటు కూచుంటే దానికి వినబడుతుందో ఇన్నేళ్ళూ కన్నతల్లికే తెలియదు.

ఆ టేపు చెరపకపోతే సోమవారం వెయ్యి. ఊరంతా ముందు నన్నే అంటుంది, అననీ. హిల్డా చూసి ఫోను చేస్తానంది. ఆ ఫోను వచ్చాకే నీతో మాట్లాడతాను.

అమ్మ