గట్టు దాటని పొట్టేలు

ఓస్లీ దొరగారి దివాను, మహారాజశ్రీ గిల్బెర్ గారి సముఖమునకు, ఓస్లీ వెట్టిరైతు హామో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వచ్చే శుక్రవారం నా అల్లుడు ఆల్డ్విన్ కుడిచేయి నరకకుండా ఆపించుట గురించి.

1. నేనూ, నా అల్లుడూ పుట్టుకతోనే దొరగారి గడ్డకు కట్టుబడినవాళ్లం. సోమ, బుధ, శుక్రవారాలు వారి పొలంలో వెట్టి. మా గింజలు వారి మరలోనే ఆడించాలి. మా ఇంటి యజమాని చస్తే కొట్టంలోని మంచి ఎద్దు వారికి పోవాలి. చచ్చినవాణ్ణి మాత్రం మాకే వదిలేస్తారు. వీటిమీద మాకు ఫిర్యాదు లేదు.

2. దొరగారి పచ్చికబీడు కోత ముగిసిన రోజున కోతగాళ్ల మధ్య ఒక పొట్టేలును వదులుట తాతలనాటి ఆచారం. గట్టు దాటేలోగా పట్టుకుంటే అది మాది, దాటితే దొరగారిది. ఏడాదిలో మేము కడుపునిండా మాంసం తినేది ఆ ఒక్కరోజే. మొన్న సోమవారం పెత్తందారు ఫుల్క్ గారు పొట్టేలుతోపాటు రెండు వేటకుక్కలను కూడా వదిలిరి. అవి పొట్టేలును విడిచి ముసలి గాడ్రిక్ పిక్కను ఎముకదాకా పీకినవి. పొట్టేలుకంటే నెమ్మదిగా పరిగెత్తుట వాడి నేరం.

3. అయినా ఆల్డ్విన్ గట్టుకు జానెడు ఇవతల దాని కొమ్ములు పట్టి కూలదోసెను. ఫుల్క్ గారు వచ్చి, "దాని వెనకకాలు గట్టు దాటిందిరా, వదులు" అనిరి.

"అయితే ఆ కాలు కోసుకుపోండయ్యా. మిగతాది మాకుంచండి" అన్నాడు నా అల్లుడు.

అందరం నవ్వాం. అది మా తప్పే. ఫుల్క్ గారు కర్రతో వాడి నోటిమీద కొట్టగా నాలుగు పళ్లు గడ్డిలో రాలినవి. పడినవాణ్ణి డొక్కలో తన్నిరి. పక్కటెముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండుపుల్ల విరిచినట్టే ఉంది. తలమీదికి మళ్లీ కర్ర ఎత్తేసరికి ఎటునుంచో కొడవళ్లు నూరే సానరాయి ఒకటి వచ్చి వారి చెవిని సగం తెంపెను.

4. పెత్తందారుకు రక్తగాయం చేసిన వెట్టివాడి కుడిచేయి తీయుట ఇక్కడి చట్టం. చేతులకు నెత్తురున్నవాడు ఆల్డ్విన్ ఒక్కడే గనుక వాణ్ణే కట్టి తీసుకుపోయిరి. ఆ నెత్తురు వాడి నోటిదేనని నేను చెప్పబోతే ఫుల్క్ గారు, "వాడికి ఇంకో చెయ్యి ఉందిగా హామో, ఏడుస్తావెందుకు?" అనిరి.

5. గడ్డికోసే పొడుగుపిడి కొడవలి ఒంటిచేత్తో తిరగదు. వెట్టి చేయలేనివాడికి నేల ఉంచరు. నా కూతురు మాడ్ ఇప్పుడు నిండు చూలాలు. "నాన్నా, చెయ్యి పోతే నేల పోతుంది. నేల పోతే మేమెక్కడ చావాలి?" అని అడిగింది. ఆ రాత్రే ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

కావున తమరు ఇదంతా చిత్తగించి, శుక్రవారం శిక్షగంట కొట్టకమునుపే వాణ్ణి విడిపించవలెను.

తమ గడ్డకు కట్టుబడిన విధేయుడు,
హామో

మరిచితిని: ఆ రాయి విసిరింది నేను. ముందే ఫుల్క్ గారి దగ్గర ఒప్పుకుంటే వాణ్ణి వదలకుండా నన్నూ కట్టేసేవారు, ఈ అర్జీ రాసేవాడుండడు. ఈ ఊళ్లో నాలుగక్షరాలు రాయగలవాడు మరొకడు లేడు. ఇప్పుడు రాయడం అయిపోయింది. ఈ కాగితం తెచ్చినవాణ్ణి నేనే, తమ గుమ్మంలో ఉన్నాను. కాపలావాళ్లను పిలవండి, అల్లుణ్ణి ఇంటికి పంపండి. నేను గురిపెట్టింది ఫుల్క్ గారి నోటికి, చెవికి కాదు. ఆ తప్పొక్కటీ మన్నించండి.