నాయినను ఎందుకు తీసుకుపోయావు?

తమ్ముడు చంద్రమౌళికి,

ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనియ్యవు, అందుకే రాస్తున్నాను.

మొన్న ఊరి మీటింగ్‌లో మీ కంపెనీ గురించి బాగానే చెప్పావు. "మందుల ఫ్యాక్టరీలు, దవాఖానలు పెరుగుతనే ఉన్నయి. రేపు అణు కరెంటు ప్లాంట్ల చెత్త గూడ మనకే వస్తది. ఈ దందకు ఢోకా లేదు" అన్నావు. నీ వాటా పొలంలో ఆ విషపు చెత్తను శుద్ధి చేసి పాతిపెడతారట. పక్కనున్న నా పొలానికి, బోరుకు ఏమీ కాదట. అభ్యంతరం లేదని సంతకం పెట్టమన్నావు. "ఏం ఫికర్ చెయ్యకక్కా" అని అందరి ముందు నవ్వావు.

నిన్న పొలానికి పోతే నా గట్టు మీద నాయిన సమాధి లేదు. గొయ్యి ఉంది. కూలికి వచ్చిన యాకయ్యను అడిగాను. "తమ్ముడే దగ్గరుండి తవ్విచ్చిండమ్మా. మీ నాయిన బొక్కలు ఏరి మూటగట్టి హసన్‌పర్తిల కొన్న జాగకు తీస్కపోయిండు. ఆ చెత్త పక్కన నాయినను ఎట్ల ఉంచుత అన్నడు" అని చెప్పాడు.

చచ్చిన నాయినకే పనికిరాని చోట నా పిల్లలు ఎలా బతకాలి? ఆ బోరు నీళ్లే కదా మేం తాగేది?

నాయినను తెచ్చి ఆ గొయ్యిలోనే పెట్టు. మీ కంపెనీ గోడ పక్కన ఆయన మళ్లీ పండుకున్న రోజు సంతకం పెడతాను. అంతవరకు నా గడప తొక్కకు.

నీ అక్క