పదో మనిషి గురక

ఆకివీడు, మంగళవారం

బావగారికి నమస్కారమండి.

కొల్లేరు రిసార్టులో టూరిస్టులకి జోకులు చెబుతూ, మన యూదుల సమాజమందిరంలో ప్రార్థనప్పుడు మీరు పెట్టే గురక సంగతి కూడా చెప్పేశాను. తప్పేనండి. చేపలు దింపడానికొచ్చి మీరు వెనకే నిలబడ్డారని చూసుకోలేదు.

మీరలిగి రావడం మానేశాక మందిరంలో తొమ్మిదిమందిమే మిగిలాం. ఈ శనివారానికి అమ్మ పోయి ఏడాది. పదిమంది మగాళ్ళు లేందే పోయినవాళ్ళ ప్రార్థన చదవకూడదు కదండీ. "నవ్వించి పోగొట్టావు, ఏడ్చయినా తీసుకురా" అన్నారు మందిరం పెద్దాయన.

రండి బావగారూ. నిద్రపోయినా లెక్కలోకి వస్తారు, ఎవరూ లేపరు. మీ గురక అమ్మకి అలవాటే. వినపడకపోతేనే అల్లుడు రాలేదని కంగారుపడుతుంది.

మీ బావమరిది