అమ్మ ఇచ్చిన పిస్టల్

అమ్మకు,

ట్రూడీ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ మార్లిస్, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. అలాస్కా చలిలో, ఆ చేపల ఫ్యాక్టరీ వంటశాలలో అంతమందికి వండి పెడుతున్న నీ నడుం ఎలా ఉందోనని మా దిగులు. మన టెక్సాస్ ఎండ సెప్టెంబరు వచ్చినా తగ్గలేదు. పెరట్లో పీకాన్ కాయలు పండకుండానే రాలిపోతున్నాయి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కారు బ్రేకులు బాగు చేయించాం. పక్కింటి ఎల్డా గారి మోకాలు నయమైంది, మొన్న ఆదివారం కర్ర లేకుండా చర్చికి వచ్చారు. ఇక మూడోది, మార్లిస్ నీ పిస్టల్ జాగ్రత్తగా ఉంచుతోందా అని అడిగావు. ఆ జవాబు తనే రాస్తానంది. నేనే వద్దన్నాను.

జూన్‌లో నువ్వు బయలుదేరిన రోజు గుర్తుందా? వంటింట్లో ఆ చిన్న పిస్టల్ గుడ్డలోంచి తీసి తన చేతిలో పెట్టావు. "నీ దగ్గరుంచుకో మార్లిస్. కాలేజీ ల్యాబ్ నుంచి చీకటి పడ్డాక ఒక్కదానివే నడిచొస్తావు" అన్నావు.

"మరి నాకు? నాకూ ఇరవై ఒకటి నిండాయిగా, లైసెన్సు ఇస్తారు" అన్నాను.

"నీకెందుకే? నీ కోపానికి అగ్గిపెట్టె ఇవ్వాలన్నా నాకు భయమే!"

మీరిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు వేసవంతా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. పిన్ని పోయాక తొమ్మిదేళ్ల పిల్లగా మార్లిస్ మనింటికి వచ్చినప్పుడు, కిటికీ పక్కన ఉన్న నా మంచం తనకిచ్చావు. తల్లి లేని పిల్ల, సర్దుకోమన్నావు. సర్దుకున్నాను. పదమూడేళ్లుగా సర్దుకుంటూనే ఉన్నాను.

తను తుపాకీ లైసెన్సు తీసుకుంది. నేను తీసుకోలేదు. నువ్వు నవ్విన తర్వాత ఆ కాగితాలు నింపబుద్ధి కాలేదు.

కాలేజీ తెరిచిన రెండో వారంలో, చట్టం ఒప్పుకున్నా, లైసెన్సున్న విద్యార్థులు సంచుల్లో తుపాకులు దాచుకుని రావడం సరైనదేనా అని మా తరగతిలో చర్చ పెట్టారు. మార్లిస్ లేచి, "నా దగ్గర ఉందో లేదో చెప్పను. కానీ ఒంటరిగా ఇంటికి నడిచేటప్పుడు ఎంత భయపడతానో మాత్రం చెప్తాను" అంది. చాలామంది చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకమ్మాయి లేచి, "నా భయం సంగతేంటి మరి? పక్కవాళ్ల సంచిలో ఏముందో తెలీక పాఠం మీద మనసే నిలవట్లేదు" అంది. ఎవరిది న్యాయమో నేను ఆలోచించనేలేదమ్మా. నీ పిస్టల్ పెట్టుకుని తను చప్పట్లు కొట్టించుకుంటోందనే నా మంట.

మర్నాడు తను స్నానానికి వెళ్లినప్పుడు సొరుగులోంచి దాన్ని తీసి నా పుస్తకాల సంచిలో పెట్టుకున్నాను. లైసెన్సు లేకుండా కాలేజీలోకి తేవడం నేరమని తెలిసే చేశాను. ఒక గంటసేపు నడకే మారిపోయింది, నేనే నీ పెద్దకూతురినన్నట్టు. మధ్యాహ్నం లైబ్రరీ టాయిలెట్‌లో, చేతులు కడిగే గట్టు మీద దాన్ని వదిలేసి బయటికి వచ్చేశాను.

అరగంటలో లైబ్రరీ ఖాళీ చేయించారు. దొరికిన తుపాకీ గురించి అందరి ఫోన్లకూ కబురొచ్చింది. మార్లిస్ ఇంటికి పరుగెత్తి సొరుగు తీసి చూసింది. నన్నొక్క మాట కూడా అడక్కుండా కాలేజీ పోలీసు ఆఫీసుకెళ్లి, "నాదే, మరచిపోయాను" అని చెప్పేసింది.

"ఎందుకు చెప్పావ్?" అని నిలదీశాను.

"నాకు లైసెన్సుంది, తిట్టి వదిలేస్తారు. నీకు లేదు కదే! కేసు పెడతారు."

"నా తరఫున ఒప్పుకోమని నిన్నెవరడిగారు?"

"నిన్ను చూసుకుంటానని పెద్దమ్మకి మాటిచ్చాను."

ఆ మాట విన్నాక నాకు కృతజ్ఞత కలగలేదమ్మా, ఒళ్లు మండింది. మంచితనంలో కూడా నన్ను దాటిపోయిందని. మర్నాడు పొద్దున్నే నేనూ అదే ఆఫీసుకెళ్లి, తెచ్చింది నేనేనని చెప్పాను. బుద్ధి వచ్చి కాదు, ఆ త్యాగం కూడా తనకే దక్కుతుందని ఓర్వలేక.

ఒచోవా అనే అధికారిణి కలం కింద పెట్టి నావైపు చూసింది. "ఇది నాదేనని ఒప్పుకోవడానికి మీ ఇంట్లో ఇంకెంతమంది ఉన్నారమ్మా?" అంది.

నన్ను ఏడాదిపాటు కాలేజీ నుంచి తీసేశారు. నవంబరులో కోర్టు. నా అంతట నేనే వెళ్లి చెప్పాను కాబట్టి జైలు తప్పవచ్చని వకీలు అంటున్నాడు. అబద్ధం చెప్పినందుకు మార్లిస్‌ను కాలేజీలోకి తుపాకీ తేవద్దన్నారు. ఇప్పుడు చీకటి పడితే నేనే ల్యాబ్ దాకా వెళ్లి తనని తీసుకొస్తున్నాను. దారిలో పెద్దగా మాట్లాడుకోం.

అందరికీ మరచిపోయానని చెప్పాను. నీకు మాత్రం అబద్ధం రాయలేను. నేను మరచిపోలేదమ్మా.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో మార్లిస్ స్నేహితులతో కూర్చుని, "మా ట్రూడీకి కోపమొస్తే పెద్దమ్మ వంటింటి కత్తులన్నీ దాచేసేది" అని చెప్తోంది. అందరూ నవ్వుతున్నారు. నేను తన వెనకే ఉన్నాను. నా చెయ్యి సంచిలోకి వెళ్లింది. వెళ్లినట్టు నాకే తెలియలేదు, చల్లటి లోహం తగిలాక తెలిసింది. ఏమీ చేసేదాన్ని కాదని ఇప్పుడు వంద ఒట్లు పెట్టగలను. కానీ చెయ్యి వెళ్లింది. అక్కణ్నించి పక్కనే ఉన్న లైబ్రరీ టాయిలెట్‌లోకి పరుగెత్తి దాన్ని తీసి గట్టు మీద పెట్టాను. మళ్లీ తాకి సంచిలో వేసుకునే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే వదిలేశాను.

ఇది మార్లిస్‌కు ఇంకా చెప్పలేదు. ఉత్తరం పోస్టులో వేశాక చెప్తాను, ముందే చెబితే తను నన్ను క్షమించేసి ఇది రాయనివ్వదు. నువ్వు నన్ను సరిగ్గానే అంచనా వేశావు. అదొక్కటే నాకింకా మింగుడుపడటం లేదు.

నువ్వొచ్చాక ముందు తననే దగ్గరికి తీసుకుంటావని తెలుసు. ఈసారి ఏమీ అనుకోను. తన తర్వాత నన్ను మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టుకో.

ఇట్లు,
నువ్వు కన్న కూతురు,
ట్రూడీ