జల్లెడ కింద సూర్యుడు

స్నేహా బిడ్డా,

పాత ఎక్స్‌రే కత్తిరించి నువ్వు చేసుకున్న గ్రహణం అద్దాలు నేను పట్టుకపోతున్న. ఇల్లంతా వెతకకు. తిట్టాలంటే తిట్టు, మేకలతో గుట్ట మీద ఉంట, నాకు వినబడదు.

బియ్యం జల్లెడ వాకిట్ల పెట్టిన. ఇయ్యాల గ్రహణం పట్టినంక సూర్యునికి వీపు పెట్టి నిలబడి, జల్లెడ ఎత్తి పట్టి, నేల మీద నీడ చూడు. బొక్కకొక్క సూర్యుడు, కొరికిన రొట్టె లెక్క కనబడతడు. మీ బడి సారుకు కనబడేది ఒక్కడే, నీకు వందమంది! ఎండ తగ్గినట్టు అనిపించినా మీదికి మాత్రం చూడకు.

తాత మళ్ల కత పెట్టిండనుకుంటవు. చిరుతపులిని గుడ్లురిమి ఎల్లగొట్టంగనే నా ఎడమ కన్ను మసకబారిందని చెప్పిన కదా, అది ఉత్త కత, ఇది నిజం. మీ బాపు పుట్టకముందు, గ్రహణం నాడు, మసి పూసిన అద్దంల నుంచి ఎడమ కన్నుతో సూర్యుణ్ని చూసిన. జరంత నొప్పి కూడా పుట్టలేదు. తెల్లారి ఆ కన్నుతో చూస్తే మీ అవ్వకు చెవులున్నయి, మొఖం లేదు. ఇప్పటికీ అంతే.

రాత్రంతా నిద్ర పట్టలేదు బిడ్డా, భయమైతాంది. ఈ ఒక్కసారి నన్ను నమ్ము.

తాత

అవ్వకు చెప్పకు. ఆమె ఇంకా ఆ చిరుతనే తిడుతాంది.