నీళ్లు చల్లిన చిల్లు కాణీ

శనివారం, నేపర్‌విల్, అమెరికా

మనల్ని ప్రేమగా చూసే మనిషిని అసహ్యించుకోవడం తప్పా? పెళ్లయిన నాటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

ఈ రోజు మామయ్యగారు దాచుకున్న చిల్లు కాణీని దారానికి గుచ్చి మా అమ్మాయి మెళ్లో వేశారు. అణాలు, బేడలు, వాళ్ల కిరాణా కొట్టు, ఆ రోజులే వేరంటూ మురిసిపోయారు.

"కొంతమంది ఇచ్చే డబ్బులు నేల మీద పెట్టించి, నీళ్లు చల్లాకే తీసుకునేవాళ్లమే తల్లీ."

"వై తాతా? జెర్మ్స్ ఉన్నాయా?"

"ఆఁ, అలాంటిదేలే," అని నవ్వారు.

నేను ఎప్పట్లాగే ఆయనకి కాఫీ కలిపిచ్చాను. ఆ నవ్వుకన్నా అదే నాకు ఎక్కువ రోతగా ఉంది.

సోమవారం అమ్మాయి ఆ కాణీని స్కూల్లో చూపిస్తుందట, జెర్మ్స్ కథతో సహా. అవి కులం చూసి చల్లిన నీళ్లని చెబితే తాత ఒళ్లో మళ్లీ కూర్చోదేమో. చెప్పాలో వద్దో నాకింకా తేలడం లేదు.